బోర్డు లేని పూరీ ఉప్మా హోటల్, పాత బరంపురం: కరోనా పోయినా కిటికీ మూయలేదు

ముందే చెప్పేస్తున్నా, ఇది టిఫిన్ రివ్యూనే గానీ మధ్యలో ప్లేగు, కరోనా, తుపాను అన్నీ వస్తాయి. పూరీ ఎలా ఉందో ఒక్కటే కావాలంటే, పూరీ బావుంది, ఉప్మా ఇంకా బావుంది, సాంబారు కాస్త తీపి, వెళ్ళండి. మిగతాది ఓపికున్నోళ్ళు చదవండి.

ఊరు బరంపురం, ఒడియా వాళ్ళు బ్రహ్మపుర అంటారు కదా అదే, గంజాం జిల్లా. హోటల్ ఉన్నది పాత ఊళ్ళో నేతగాళ్ళ వీధుల వైపు, బడాబజార్ దగ్గర దిగి లోపలికి నడవాలి. కారు పట్టదు, స్కూటీ పడుతుంది గానీ ఎదురుగా ఇంకో స్కూటీ వస్తే ఇద్దర్లో ఎవరో ఒకళ్ళు వెనక్కి తోసుకోవాల్సిందే. బోర్డు లేదు, ఎప్పుడూ లేదు. తెలుగోళ్ళు పెంకుటింటి హోటల్ అంటారు, ఒడియా వాళ్ళు మౌసా (బాబాయ్) హోటల్ అంటారు, డెలివరీ కుర్రాళ్ళు మాత్రం ఫోన్ చేసి "ఆ నీలం కిటికీ ఎక్కడ" అని అడుగుతారు. ఆ నీలం కిటికీ గురించే నేను ఇదంతా రాస్తున్నా.

ముందు తిండి సంగతి. బరంపురం బయటోళ్ళకి పూరీతో ఉప్మా తింటారంటే నవ్వొస్తుంది, మా వైజాగ్ చుట్టాలైతే ప్రతిసారీ అదే జోకు. కానీ ఇక్కడ పొద్దున్నే అదే తిండి, పూరీ తుంపి దాంట్లో ఉప్మా పెట్టుకుని మీద ఘుగుని (బఠానీ కూర) పోయించుకుని తింటే మధ్యాహ్నం రెండు దాకా ఆకలి అనే మాట గుర్తుకు రాదు. ఈ హోటల్లో ఉప్మా మరీ ముద్దగా ఉండదు, మరీ పొడిగానూ ఉండదు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి తగిలీ తగలనట్టు వేస్తారు, నెయ్యి వాసన వస్తుంది గానీ నిజంగా నెయ్యి వేస్తారా అని అడిగితే హోటల్ నడిపే పెద్దాయన నవ్వేసి ఊరుకుంటాడు. ఘుగుని బఠానీ బాగా ఉడికి ఉంటుంది. చట్నీ రెండు రకాలు, కొబ్బరిదీ చింతపండుదీ. కొబ్బరి చట్నీ తొమ్మిది దాటితే నీళ్ళు కలుస్తాయి, ఇది నా ఒక్కదాని అనుమానం కాదు, మా వీధంతా అనేదే. సాంబారులో బెల్లం ఎక్కువ, ఒడియా నోటికి తగ్గట్టు చేస్తారంట, నాకు నచ్చదు, మా ఆయనకి అదే ఇష్టం. ఇడ్లీ మెత్తగా ఉంటుంది. వడ (ఇక్కడ బరా అంటారు) పొద్దున్న ఏడు లోపు తింటేనే కరకర, తర్వాత తింటే రబ్బరు. మధ్యాహ్నం క్యారేజీ భోజనం ఉంటుంది, పప్పు, ఒక కూర, పులుసు, మజ్జిగ, ఊరగాయ, అప్పడం. బరంపురంలో ఉండి అప్పడం బాగోలేకపోతే ఇంక చెప్పేదేముంది, బాగుంటుంది.

ఇప్పుడు కిటికీ.

నేను బిల్డింగ్ ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో డ్రాఫ్టింగ్ చేస్తాను, పన్నెండేళ్ళుగా అదే పని, అందుకని ఎక్కడికెళ్ళినా కడుపు కంటే ముందు కళ్ళు తలుపులూ కిటికీలూ లెక్కపెడతాయి. ఈ ఇల్లు మన పాత నేత ఇళ్ళ పద్ధతిలోదే, ముందు అరుగు, తర్వాత గది, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, దాని వెనక ఇంకో గది, వంటిల్లు, పెరడు, బావి. వెడల్పు తక్కువ పొడవెక్కువ, రైలు పెట్టెలాగ. 2020కి ముందు టేబుళ్ళన్నీ ముందు గదిలోనే ఉండేవి, ఒకళ్ళ మోచెయ్యి ఇంకొకళ్ళ సాంబార్లో ఉండేది, పొగంతా అక్కడే తిరిగేది, నేను పార్సిల్ తెచ్చుకునేదాన్ని తప్ప కూర్చునేదాన్ని కాదు. లాక్‌డౌన్ వచ్చింది, మార్చి 25 నుంచి అంతా బంద్. పెద్దాయన ఓ పది రోజులు ఏమీ చెయ్యలేదు, అరుగు మీద కూర్చున్నాడంతే. తర్వాత మేస్త్రీ దొరక్కపోతే కొడుకూ తనూ కలిసి ముందు గది గోడకి అరుగు వైపు కన్నం కొట్టి పాత తలుపు రెక్కలతో కిటికీ పెట్టారు, దానికి ఇంట్లో మిగిలిపోయిన నీలం రంగు పూశారు. పార్సిల్ ఆ కిటికీలోంచే. లోపలికి ఎవరూ రానక్కర్లేదు. కూర్చుని తినడానికి పర్మిషన్ వచ్చాక టేబుళ్ళు మళ్ళీ ముందు గదిలో వెయ్యలేదు, వాకిట్లో చుట్టూరా రాతి బల్లలు వేశాడు. ముందు గది ఇప్పుడు సామాన్ల గది. చేతులు కడుక్కునే కుళాయి పెరట్లోంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు, అంటే కడుక్కున్నాకే లోపలికి అడుగు పెట్టాలి, గుడికి వెళ్ళినట్టు.

అప్పట్లో అందరూ ఇలాంటివి చేశారు, అది గొప్ప కాదు. 2022 వచ్చేసరికి అందరూ పీకేశారు, ఈయన పీకలేదు. నాకు ఆసక్తి కలిగింది అక్కడ.

ఎందుకు తియ్యలేదు బాబాయ్ అని ఒకరోజు అడిగాను, జనం తక్కువగా ఉన్న టైములో. "ఏమ్మా, సూరత్‌లో నేను చూసిందే మళ్ళీ చూశాను, మూడోసారి చూస్తే అప్పుడు కూడా గోడ కొట్టుకుంటూ కూర్చోమంటావా" అన్నాడు. అప్పుడు తెలిసింది ఈయన 1994లో సూరత్‌లో ఉన్నాడని.

గంజాం జిల్లా వాళ్ళకి సూరత్ అంటే విడిగా చెప్పక్కర్లేదు, ఇంటికొకళ్ళు అక్కడ పవర్‌లూమ్ మీద ఉంటారు, ఊరికి డబ్బులు అక్కణ్ణించే వస్తాయి. ఈయన లూమ్ మీద కాదు, లూమ్ కార్మికులకి వండే మెస్‌లో వంట. ఆ ఏడాది వర్షాలకి తాపీ నది పొంగి మురికి వీధుల్లో నిలిచిపోయింది, పశువులు చచ్చి కుళ్ళాయి, సెప్టెంబర్లో ఊపిరితిత్తుల ప్లేగు అన్నారు. వేద్ రోడ్ వైపు మొదలైంది. ప్లేగుకి వాడే టెట్రాసైక్లిన్ గోళీలు ఎక్కడా దొరకలేదంట, ప్రైవేటు డాక్టర్లే చాలామంది తాళాలేసి వెళ్ళిపోయారంట, వాళ్ళని చూసి జనం స్టేషన్ మీద పడ్డారు, నాలుగైదు రోజుల్లో లక్షల మంది ఊరొదిలేశారు. చచ్చిపోయింది 50 పైచిలుకు మంది, కానీ భయం దేశమంతా పాకింది, బయటి దేశాలు విమానాలు ఆపేశాయి. ఈయన రైలు పెట్టెలో బాత్రూమ్ తలుపు దగ్గర రెండు రాత్రులు నిలబడి బరంపురం వచ్చాడు, వచ్చాక వాళ్ళమ్మ ఇంట్లోకి రానివ్వలేదు, పెరట్లో వారం రోజులు పడుకోబెట్టింది, గుమ్మానికి వేపరెమ్మలు కట్టింది. అమ్మవారు పోసిన ఇంటికి కట్టినట్టు. "క్వారంటైన్ అని మీరు ఇప్పుడు పేరెట్టారు, మా అమ్మకి తెలుసది" అంటాడు.

మళ్ళీ 1995లో వెళ్ళాడు, ఇల్లు గడవద్దూ. వెళ్ళేసరికి ఆ ఊరికి కొత్త మున్సిపల్ కమిషనర్ వచ్చాడు, ఎస్.ఆర్.రావు గారు. ఈ రావు గారి సంగతి నేను తర్వాత చదివాను, ఊరిని 6 జోన్లు చేసి ఏ జోన్ పని ఆ జోన్ అధికారికే అప్పజెప్పి, ఏసీ గదుల్లోంచి లేచి పొద్దున్నే వీధుల్లో తిరగండి అన్నాడు అందర్నీ, తనూ తిరిగేవాడు. రాత్రిపూట కూడా రోడ్లు ఊడవడం పెట్టించాడు. ప్లేగు వచ్చిన ఊరు 1996లో ఇన్‌టాక్ (పాత కట్టడాలని కాపాడే సంస్థ) వాళ్ళ లెక్కలో దేశంలో రెండో శుభ్రమైన నగరం అయ్యింది, చండీగఢ్ తర్వాత. బాబాయికి ఈ ర్యాంకులేవీ తెలీవు. ఆయనకి గుర్తున్నది ఒకటే, మెస్‌కి మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి నీళ్ళ డ్రమ్ముకి మూత లేదని చూపించి, గ్లాసు డ్రమ్ములో ముంచొద్దు పొడుగు కాడ గరిటె పెట్టండి అన్నారంట, మూత తెచ్చేదాకా పొయ్యి వెలిగించనివ్వలేదంట. ఇప్పటికీ ఈ హోటల్లో మంచినీళ్ళ డ్రమ్ముకి మూత, పొడుగు కాడ గరిటె ఉంటాయి, కావాలంటే వెళ్ళి చూడండి, గ్లాసు ముంచితే పెద్దాయన తిడతాడు, నేనొకసారి తిట్లు తిన్నాను. కస్టమర్‌ని తిట్టడం తప్పు కదా అని ఒక స్టార్ తగ్గిద్దామనుకున్నా, తర్వాత మనసొప్పలేదు.

సరే ఇక 2020 సంగతి మాకెవరికీ మర్చిపోయేది కాదు. సూరత్ నుంచి వలస కూలీలని తెచ్చే మొదటి శ్రామిక్ రైలు మే 3న మా జిల్లాలోని జగన్నాథ్‌పూర్ స్టేషన్‌కి వచ్చింది, తర్వాత వరసగా రైళ్ళు, బస్సులు. ఊరూరా బడులు క్వారంటైన్ సెంటర్లు అయ్యాయి, అంతకుముందే ఏప్రిల్లో సర్పంచ్‌లకి కలెక్టర్ అధికారాలు ఇచ్చింది ప్రభుత్వం, దేశంలో ఎక్కడా వినని మాట. జూన్ జూలైలకి ఒడిశా మొత్తం కేసుల్లో పెద్ద వాటా గంజాందే. పేపర్లో రోజూ మా జిల్లా పేరు చూసి బయట చుట్టాలు ఫోన్లు చేసి బతికే ఉన్నారా అనేవాళ్ళు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ పక్క నుంచి వెళ్ళాలంటేనే గుండె కొట్టుకునేది.

ఆ రోజుల్లో ఈ హోటల్ మా వీధికి ఏం చేసిందో చెప్తాను. పెద్దాయన కోడలు డిగ్రీ చదువుకుంది, ఒక లాంగ్ బుక్ తీసి చుట్టుపక్కల ఒంటరిగా ఉన్న ముసలోళ్ళ ఇళ్ళన్నీ రాసింది, ఎవరికి షుగరు, ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి పళ్ళు లేవు అన్నం మెత్తగా కావాలి, ఎవరి కొడుకు బెంగుళూరు, ఎవరి కూతురు హైదరాబాద్, వాళ్ళ ఫోన్ నంబర్లు. మొత్తం నలభై చిల్లర ఇళ్ళు. క్యారేజీ గుమ్మం ముందు పెట్టి గంట కొట్టి వచ్చీడమే. కొడుకులు ఫోన్లోంచి డబ్బులు వేసేవాళ్ళు, వెయ్యనివాళ్ళవి ఖాతాలో రాసేది. క్యారేజీ నిన్నటిది నిన్నటిలాగే గుమ్మం ముందుంటే వెంటనే కొడుక్కి ఫోను. మా పెద్దత్తయ్య పడిపోయిన సంగతి మాకు అలాగే తెలిసింది, తిండి పెట్టేవాళ్ళు చెప్తే తెలిసింది, లేకపోతే సాయంత్రం దాకా ఎవరూ చూసేవాళ్ళం కాదు.

ఆ లాంగ్ బుక్ ఇప్పటికీ నడుస్తోంది. ఇది మూడో పుస్తకం. కొన్ని పేర్లు కొట్టేసి ఉన్నాయి, కొత్తవి చేరాయి. మొన్న పెద్ద వాన పడి రెండ్రోజులు కరెంటు లేనప్పుడు ఎవరింటికి ముందు వెళ్ళాలో ఆ పుస్తకం చూసే వెళ్ళారు.

నేను గీసే ప్లాన్లలో ఈమధ్య రెజిలియెన్స్ అనే మాట బాగా వస్తోంది, దాన్ని తెలుగులో ఏమనాలో తెలీక ఆఫీసులో తట్టుకునే శక్తి అంటాం. వరదొస్తే, తుపానొస్తే, జబ్బొస్తే ఊరు పడిపోయి మళ్ళీ లేవడం. ఫైళ్ళు లావుగా ఉంటాయి, రంగుల మ్యాపులుంటాయి. వాటి మీద నాకు కోపం లేదు, జీతం అక్కణ్ణించే వస్తుంది. కానీ మ్యాపులో గీసిన ఎమర్జెన్సీ స్థలం మామూలు రోజుల్లో తాళమేసి ఉంటే అవసరం వచ్చిన రోజు తాళంచెవి దొరకదు. ఒడిశాలో తుపాను షెల్టర్లు ఎందుకు పనికొచ్చాయంటే మిగతా రోజుల్లో చాలా చోట్ల వాటిల్లో బడి నడుస్తుంది, జనానికి దారి తెలుసు, తలుపు ఎటు తెరుచుకుంటుందో పిల్లలకి కూడా తెలుసు. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల మంది దాకా పోయారు, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అప్పటికే లక్షల మందిని తరలించేశారు, చావులు పదుల్లో ఆగాయి. గాలి తక్కువేం లేదు, మా ఇంటి రేకులు పక్క వీధిలో దొరికాయి. ఈ పెంకుటింటి హోటల్ కూడా అంతే, నీలం కిటికీ రోజూ తెరుస్తారు, లాంగ్ బుక్ రోజూ తిప్పుతారు, రేపు ఇంకో జబ్బు వస్తే వీళ్ళు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు, వాకిట్లో బల్లలు ఖాళీగా ఉంటాయి అంతే.

గాలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను దీంట్లోనే కొట్టుకుంటూ ఉంటా రోజూ. 2020 జనవరి 24న చైనాలో గ్వాంగ్‌ఝౌలో ఒక ఏసీ హోటల్లో, కిటికీలు లేని హోటల్, పక్కపక్క మూడు టేబుళ్ళలో కూర్చున్న మూడు కుటుంబాల్లో 10 మందికి కరోనా వచ్చింది. ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ళ మధ్యే తిరిగిందని తర్వాత తేల్చారు. మన దేశంలో కూడా 2021 మేలో, సెకండ్ వేవ్‌లో, కేంద్రం ప్రధాన సైన్స్ సలహాదారు ఆఫీసు చెప్పింది సన్నటి తుంపర్లు గాలిలో 10 మీటర్ల దాకా పోతాయి, కిటికీలు తియ్యండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి అని. అప్పటికి మనం సామాన్లకి శానిటైజర్ కొట్టుకుంటూ కూరగాయలు సర్ఫ్ నీళ్ళలో కడుగుతున్నాం.

మన నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఎప్పట్నించో ఉంది, ఉక్కపోత వాతావరణంలో గదికి తలుపులు కాకుండా కిటికీలూ వెంటిలేటర్లూ కలిపి నేల వైశాల్యంలో ఆరో వంతు ఖాళీ ఉండాలని. బరంపురం కంటే ఉక్క ఊరు ఏముంటుంది చెప్పండి. కానీ మా దగ్గరకి వచ్చే హోటల్ డ్రాయింగులు చూడండి, ముందంతా అద్దం, తెరుచుకోదు, లోపల ఏసీ. నేను కిటికీ గీస్తే ఓనర్ కొట్టేస్తాడు, ఏసీ బయటికి పోతుంది మేడమ్ అంటాడు. ఈ పెంకుటింట్లో వాకిలే పెద్ద కిటికీ, వేడి గాలి పైకి పోతుంది, ముందు అరుగు వైపు నుంచి వెనక పెరటి వైపుకి గాలి ఆడుతుంది, ఏ ఇంజనీరూ లెక్క కట్టలేదు, ఇల్లు కట్టిన ముత్తాతకి ఏసీ లేదు కాబట్టి అలా కట్టాడు. వంటింటికి మాత్రం పెద్దాయన 2021లో రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయించాడు, పొగ మొత్తం పెరట్లోకి.

గాలి కోసం ఊరినే కోసిన కథ కూడా ఉంది. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ అని పెట్టి ఇరుకు ఇళ్ళు కొట్టేసి ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్స్ట్ రోడ్ లాంటి వెడల్పు రోడ్లు వేశారు, సముద్రం గాలి లోపలి పేటల్లోకి రావాలని. గాలి వచ్చింది, ఇళ్ళు పోయిన కూలోళ్ళు ఇంకో ఇరుకు చోటికి పోయారు. 2020లో మనమీద పెట్టిన ఎపిడెమిక్ చట్టం కూడా ఆ ప్లేగు కాలందే, 1897ది. మా ఆఫీసులో పాత ఊరి వీధులు వెడల్పు చేసే మాట వచ్చినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. పాత బరంపురం ఇరుకే, నిజమే, అంబులెన్స్ రాదు, నిజమే, కరోనాలో స్ట్రెచర్ మీద మోసుకుంటూ మెయిన్ రోడ్డు దాకా నడిచారు, కళ్ళారా చూశాను. అందుకని అంతా కొట్టెయ్యమంటే ఈ వాకిళ్ళు కూడా పోతాయి, వాటి బదులు మూడంతస్తుల డబ్బాలు వస్తాయి, గోడకి గోడ. ఏది కరెక్టో నాకు ఇప్పటికీ తేలలేదు. వీధి చివర రెండు ఇళ్ళు తీసి అంబులెన్స్ తిరిగేంత చోటు చేస్తే చాలేమో అనిపిస్తుంది, కానీ ఆ రెండు ఇళ్ళు ఎవరివి అంటే మాత్రం నా నోరు పడిపోతుంది.

పోలిక లేకుండా రివ్యూ ఏముంది, ఇంకో హోటల్ సంగతి చెప్తా, పేరు చెప్పను, మెయిన్ రోడ్డు మీద పెద్ద ఏసీది. 2021లో వాళ్ళు కూడా బయట బల్లలు వేశారు, మెనూ ఫోన్లో, టేబుళ్ళ మధ్య దూరం, అన్నీ. మొన్న మా చెల్లి వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి వెళ్తే బయట బల్లల చోట బైకులు, లోపల ముందుకంటే ఎక్కువ టేబుళ్ళు, ఎవడో దగ్గుతున్నాడు, కిటికీ తియ్యమంటే అది తెరుచుకునేది కాదండి అన్నాడు సర్వరు. బిర్యానీ మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు.

హోటల్ బయటి సంగతి కూడా రెండు ముక్కలు. అరుగు పక్కన ఒకావిడ అరటిపళ్ళూ జాంపళ్ళూ బండి పెడుతుంది, లాక్‌డౌన్‌లో బండి మూలపడింది, తర్వాత 2020 జూన్లో వీధి వ్యాపారుల కోసం వచ్చిన పీఎం స్వనిధి లోన్ల పథకం కింద 10,000 లోన్ తీసుకుని మళ్ళీ మొదలెట్టింది, కట్టేసి రెండోది 20,000 కూడా తీసుకుంది. ఆమె బండికి నీడ పెద్దాయన రేకే, ఆమెకి నీళ్ళు ఈ కుళాయే, ఈయన టిఫిన్ తిన్నవాళ్ళు ఆమె దగ్గర పళ్ళు కొంటారు. వీధి కాలువ మీద పలకలు 2020లో ఒడిశా ప్రభుత్వం పెట్టిన పట్టణ ఉపాధి పనుల్లో పడ్డాయి, ఊళ్ళకి ఉపాధి హామీ ఉన్నట్టు టౌన్లకి కూడా కూలి పని, 114 పట్టణాల్లో, మొదట 100 కోట్లతో మొదలెట్టారు, తర్వాత దానికే ముక్తా అని పేరొచ్చింది. మా వీధిలో ఆ పనికి వెళ్ళినవాళ్ళలో మగ్గం ఆగిపోయిన నేతగాళ్ళు కూడా ఉన్నారు. పట్టుచీర నేసే చేతులతో కాలువ తవ్వడం చూస్తే కడుపు తరుక్కుపోయింది గానీ ఆ నెల పొయ్యి వెలిగింది దాంతోనే. పలకలు ఇప్పుడు రెండు విరిగాయి, రాత్రిపూట వెళ్ళేవాళ్ళు ఎడమ పక్కన నడవండి.

2019 తర్వాత ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర, మళ్ళీ 2023లోనే జరిగింది కదా, రెండేళ్ళకోసారి జరిగేది మధ్యలో ఒకటి పోయింది. ఆ నెలంతా ఈ హోటల్లో అడుగు పెట్టడానికి లేదు, వేషాలు వేసుకున్నవాళ్ళు, పులి రంగులు పూసుకున్నవాళ్ళు, నీలం కిటికీ దగ్గర వరసలో నిలబడి పూరీలు తీసుకోవడం, ఆ ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది. అంత జనంలో కూడా లోపల కిక్కిరిసిపోలేదు, ఎందుకంటే సగం మంది కిటికీ దగ్గరే తేలిపోయారు. అప్పుడు అనిపించింది ఈ కిటికీ జబ్బు కోసమే కాదు పండగ కోసం కూడా పనికొస్తుందని.

ఇక బాగోలేనివి చెప్పకపోతే డబ్బులు తీసుకుని రాసినట్టుంటుంది. రాతి బల్లలకి వెనక ఆనుకునేది లేదు, మా అమ్మలాంటి నడుం నొప్పి వాళ్ళు పది నిమిషాలు కూర్చోలేరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి, అడగాలి, అడిగితేనే ఇస్తారు. మే నెలలో వాకిట్లో పదకొండు దాటాక కూర్చోవడం కష్టం, పైన గ్రీన్ నెట్ కట్టారు గానీ ఎండ తగ్గదు. వాన పడితే మధ్యలో తడుస్తుంది, చుట్టూ వసారాలో ఎనిమిది మందే పడతారు, మిగతావాళ్ళు గొడుగులు పట్టుకుని తినాలి, నిజంగా తిన్నాను ఒకసారి, ఉప్మాలో రెండు చుక్కలు పడ్డాయి. ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు, పెరట్లో ఇంటివాళ్ళదే ఉంది, ఇంటావిడ పిన్నిని అడిగితే వాడుకోనిస్తుంది గానీ మొదటిసారి వచ్చినవాళ్ళు ఎలా అడుగుతారు? చేతులు కడిగే కుళాయి ఎత్తుగా ఉంది, పిల్లలకి అందదు, సబ్బు ముక్క చాలాసార్లు అరిగిపోయి ఉంటుంది. మెట్లు మూడు, వీల్‌చైర్‌కి దారి లేదు, అలాంటివాళ్ళకి కిటికీయే గతి. పెద్దాయన నోరు కూడా కొంచెం జాగ్రత్త. ఇంకోటి, ఈ లాంగ్ బుక్ అంతా కోడలి మీదే నడుస్తోంది, ఆమెకి జ్వరం వచ్చిన వారం క్యారేజీలు తారుమారై షుగర్ ఉన్నాయనకి సేమియా పాయసం వెళ్ళింది. ఇంకొకళ్ళకి నేర్పించండి అని చెప్పాను, చూద్దాం అన్నారు.

రేట్లు 2019తో పోలిస్తే పెరిగాయి, పూరీ ఉప్మా ఘుగుని ప్లేటు 40, ఇడ్లీ 30, క్యారేజీ నెలకి మాట్లాడుకోవాలి, ఇంటిని బట్టి చెప్తారు. ఒంటరి ముసలోళ్ళకి తగ్గిస్తారు, ఎంతకిస్తారో అడిగితే చెప్పరు. స్కాన్ చేసి కట్టొచ్చు, చిల్లర ఇచ్చినా తీసుకుంటారు, ఖాతా కూడా ఉంది కానీ మీకు కాదు, వీధివాళ్ళకే.

నా లెక్కలో 5కి 4. పోయిన ఆ ఒకటి కూడా చట్నీలో నీళ్ళకీ బాత్రూమ్‌కీ సగం సగం. పొద్దున్న ఆరుంబావుకి తెరుస్తారు, పూరీలు తొమ్మిదిన్నరకి అయిపోతాయి, ఆదివారం తొమ్మిదికే. లోపల కూర్చోవాలంటే ఏడు లోపు వెళ్ళండి, పార్సిల్ అయితే గుమ్మం దగ్గర తచ్చాడకుండా నీలం కిటికీ దగ్గరే నిలబడండి, ముందుగా చేతులు కడుక్కోండి, నీళ్ళ డ్రమ్ములో గ్లాసు మాత్రం ముంచకండి.